మొక్కజొన్న చేల నడుమ మజిలీలు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే అమ్మానాన్నలకు చూపించే చోట్ల జాబితా అందరిళ్లలోనూ ఇంచుమించు ఒకటే. నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్, లాస్ వేగస్, గ్రాండ్ కాన్యన్, దారిలో పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి. చికాగో వైపు ఉండేవాళ్లయితే అరోరా బాలాజీ గుడి, ఊళ్లోని ఆకాశహర్మ్యాలు, సరస్సు మీద పడవ షికారు. కారు పడమటికి తిప్పుదామంటే మాత్రం ఎవరూ కదలరు. ‘అటేముంది, మొక్కజొన్న తప్ప?’ అంటారు.

ఉన్నది మొక్కజొన్నే, కాదనలేం. అయోవా రాష్ట్ర జనాభా దాదాపు 32 లక్షలు. పందులు అంతకు ఏడు రెట్లు. చూపు ఆనినంత మేరా పండే ఆ పంటలో సింహభాగం పశువుల మేతకూ, పెట్రోలులో కలిపే ఇథనాల్‌కూ పోతుంది. కారాపి కంకి విరిచి కాల్చుకుందామని ఉబలాటపడితే రుచీపచీ ఉండదు. మనుషులు తినే స్వీట్‌కార్న్ వేరే రకం. జులై, ఆగస్టుల్లో రోడ్డు పక్కన ట్రక్కుల్లో పోసి అమ్ముతారు. కొన్నిచోట్ల అమ్మేవాళ్లు కూడా ఉండరు, బల్ల మీద డబ్బుల డబ్బా పెట్టి పనికి పోతారు.

ఈ నేలను 1785 నాటి భూమి చట్టం ప్రకారం మైలు పొడవు, మైలు వెడల్పు చదరాలుగా కోశారు. ఒక్కో చదరం 640 ఎకరాలు. విమానంలోంచి చూస్తే గళ్ల లుంగీ పరిచినట్టుంటుంది. తర్వాత రైళ్లొచ్చాయి. ఆవిరి ఇంజన్‌కు నీళ్లు కావాలి, రైతు గుర్రబ్బండిలో ధాన్యం తోలుకెళ్లి చీకటిపడేలోగా ఇంటికి చేరాలి. ఆ లెక్కన కొద్ది మైళ్లకొక స్టేషను, స్టేషనుకొక ఊరు పుట్టాయి. ఇవాళ వందల ఎకరాలను ఒక్క కుటుంబమే పెద్ద యంత్రాలతో సేద్యం చేస్తోంది. పిల్లలు నగరాలకు పోయారు, రెండు మూడు ఊళ్ల బడులు కలిసిపోయాయి. చాలా ఊళ్లలో మిగిలింది ధాన్యం నిల్వచేసే ఎత్తయిన గోదాములు, ఊరి పేరు రాసిన ఓవర్‌హెడ్ ట్యాంకు, ఒక పోస్టాఫీసు, ఒక బారు.

కొన్ని ఊళ్లు మాత్రం ఇలా చల్లారిపోవడానికి ఒప్పుకోలేదు. దారిన పోయే పరాయివాడు ఆగేందుకు ఏదో ఒక కారణం వెతికి పట్టుకున్నాయి. కొన్నింటికి అది చరిత్రలోనే దొరికింది, కొన్ని తామే కల్పించుకున్నాయి. ఆ రెండు రకాలూ చూడడానికే ఈ ప్రయాణం.

సీసం పండిన ఊరు

చికాగో నుంచి హైవే 20 పట్టుకుని పడమటికి పోతే, బల్లపరుపు నేల ఉన్నట్టుండి కొండలూ లోయలుగా మారే చోట గలీనా వస్తుంది. ఇల్లినాయ్ రాష్ట్రానికి వాయవ్యపు కొస. మంచుయుగంలో హిమానీనదాలు చదును చేయకుండా వదిలేసిన ప్రాంతపు అంచు ఇది. జనాభా మూడు వేల పైచిలుకు. సీసపు ఖనిజం పేరే ఊరికి పెట్టుకున్నారు. 19వ శతాబ్దం తొలి సగంలో సీసం కోసం జనం ఇక్కడికి ఎగబడ్డారు. అప్పట్లో చికాగో కంటే గలీనా పేరే ఎక్కువ వినబడేది. మిసిసిపి మీదుగా ఆవిరి పడవలు ఊరి నది దాకా వచ్చి సరుకెత్తుకెళ్లేవి.

గనులకోసం, వంటచెరకు కోసం కొండల మీది చెట్లన్నీ నరికారు. మట్టి కొట్టుకొచ్చి నది పూడిపోయింది. సీసానికి గిరాకీ తగ్గింది, రైలొచ్చి పడవల పొట్ట కొట్టింది. డబ్బున్నవాళ్లు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు పాతవి కూల్చి కొత్తవి కట్టే స్తోమత లేదు. ఆ పేదరికమే ఊరిని కాపాడింది. మెయిన్ స్ట్రీట్‌లో ఇవాళ మనం చూసే ఇటుక మేడల వరుస 19వ శతాబ్దంలో ఉన్నట్టే ఉంది. వరదొస్తే వీధి మూసేయడానికి కట్టిన పెద్ద ఇనుప తలుపులు కూడా చూడాలి. వీధికి తలుపులుండడం నేను మరెక్కడా చూడలేదు.

ఈ ఊరికి ఇంకో పెద్ద పేరుంది. 50 డాలర్ల నోటు మీద బొమ్మ ఉన్నాయనది. యులిసిస్ గ్రాంట్ సైన్యం వదిలి, పట్టిన పనల్లా చెడి, 1860లో గలీనాలో తండ్రిగారి తోలు సరుకుల దుకాణంలో తమ్ముళ్ల పక్కన గుమాస్తాగా చేరాడు. మరుసటి ఏడాది అంతర్యుద్ధం మొదలైంది. 1865లో గెలిచిన సేనానిగా తిరిగొస్తే, ఊరి పెద్దలు సామాన్లతో సహా ఇల్లు బహుమతిగా ఇచ్చారు. మూడేళ్లకు అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

గైడ్లు పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. తెల్లవాళ్ల కంటే ముందు ఈ సీసం తవ్వింది మెస్క్వాకీ, సాక్, హో-చంక్ తెగలవాళ్లు. 1832లో అమెరికా సైన్యంతో జరిగిన యుద్ధం తర్వాత వాళ్లను ఈ నేల నుంచి తరిమేశారు. మెస్క్వాకీలు 1857లో సొంత సొమ్ముతో అయోవాలోని టామా దగ్గర 80 ఎకరాలు కొనుక్కుని వెనక్కొచ్చారు. ప్రభుత్వం కేటాయించిన రిజర్వేషన్ కాదది, డబ్బు పోసి కొన్న పట్టా భూమి. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. తమ నేలను తామే కొనుక్కోవలసి వచ్చినవాళ్ల ఊరు కూడా ఈ దారికి అంత దూరమేమీ కాదు.

అయోవాలో అడుగుపెట్టాక

మిసిసిపి దాటితే డుబ్యూక్, అక్కడి నుంచి అరగంటలో డైయర్స్‌విల్. 1989లో వచ్చిన ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ సినిమా కోసం మొక్కజొన్న చేలో బేస్‌బాల్ మైదానం వేసింది ఇక్కడే. షూటింగ్ అయిపోయినా జనం రావడం ఆగలేదు, మైదానమూ అలాగే ఉండిపోయింది. 2021లో పక్కనే ఇంకో మైదానం కట్టి, చికాగో వైట్ సాక్స్, న్యూయార్క్ యాంకీస్ జట్ల మధ్య అసలైన లీగ్ మ్యాచ్ ఆడించారు. ఆటగాళ్లు చేలోంచి నడుచుకుంటూ వచ్చారు. బేస్‌బాల్ పిచ్చి లేకపోతే ఇక్కడ పదిహేను నిమిషాలు చాలు. పిల్లలుంటే మాత్రం బొమ్మ ట్రాక్టర్ల మ్యూజియానికి తీసుకెళ్లండి. అమెరికా రైతుల పిల్లలు తరతరాలుగా ఆడుకున్న లోహపు ట్రాక్టర్లు తయారుచేసిన ఎర్టెల్ కంపెనీది ఈ ఊరే.

పొయ్యి లేని ఇళ్లు

ఈ దారిలో ఒక్కచోటే రాత్రి ఆగే వీలుంటే అది అమానా కాలనీలే కావాలి. అయోవా నది లోయలో ఏడు పల్లెలు, 26 వేల ఎకరాలు. జర్మనీలో అధికారిక చర్చితో పడక, 1840లలో న్యూయార్క్ రాష్ట్రానికి వలసొచ్చి, అక్కడా స్థలం చాలక 1855లో ఇక్కడికి చేరిన ఒక భక్త సమాజం వాళ్లది. దేవుడు ఇప్పటికీ కొందరి నోట పలుకుతాడని నమ్మేవాళ్లు.

ఇక్కడ వాళ్లు 77 ఏళ్ల పాటు ఉమ్మడిగా బతికారు. మాటవరసకు కాదు, నిజంగానే ఉమ్మడి. భూమి, పశువులు, మిల్లులు, ఇళ్లు అన్నీ సమాజానివే. ఎవరికీ జీతం లేదు. ఏడాదికింత అని దుకాణంలో ఖాతా రాసేవారు, కావలసింది అందులోంచి తెచ్చుకోవాలి. ఇళ్లలో వంటగది ఉండేది కాదు. ముప్పై, నలభై మందికొకటి చొప్పున ఏడు పల్లెల్లో కలిపి 50కి పైగా ఉమ్మడి వంటశాలలు నడిచేవి. ఒక్కోదానికి ఒక పెద్దావిడ అజమాయిషీ, దాని కింద పెద్ద కూరగాయల తోట. మగవాళ్లకొక బల్ల, ఆడవాళ్లకొక బల్ల, తిండి దగ్గర కబుర్లు నిషిద్ధం. వారానికి 11 సార్లు ప్రార్థన. మన ఉమ్మడి కుటుంబాల గొప్ప చెప్పుకునేవాళ్లు ఒకసారి ఆ వంటశాలల్లో ఒకదాన్ని చూసి రావాలి. ఉమ్మడితనం అంటే తెల్లవారుజామున లేచి పొయ్యి వెలిగించే ఆడవాళ్ల శ్రమే అని అక్కడి ఇటుక పొయ్యి చూస్తే అర్థమవుతుంది.

శ్మశానం కూడా చూడండి. అన్ని రాళ్లూ ఒకే ఎత్తు, ఒకే తీరు. కుటుంబాల వారీగా కాదు, పోయినవాళ్లను పోయిన వరసలో పెట్టారు. భార్య ఒకచోట, భర్త ఎక్కడో నాలుగు వరసల అవతల.

మరి ఎందుకు ఆగింది? 1923లో మిల్లులు తగలబడ్డాయి. బీమా లేదు. మాంద్యం ముంచుకొచ్చింది. కష్టపడినా పడకపోయినా అదే తిండి, అదే బట్ట అయినప్పుడు కుర్రవాళ్లకు విసుగు పుట్టింది. బయటి ప్రపంచం కారెక్కి గుమ్మంలోకి వస్తోంది. 1932లో ఓటు వేసుకుని ఉమ్మడి బతుకును వాళ్లే ముగించారు. చర్చిని, వ్యాపారాన్ని విడదీశారు, ఆస్తికి వాటాలు రాసి పంచుకున్నారు. ఎవరూ కొట్టుకోలేదు, కోర్టుకెక్కలేదు. సంస్థలు పుట్టడం చాలాచోట్ల చూస్తాం, ఇంత మర్యాదగా చావడం అరుదు.

రెండేళ్లకే అక్కడి యువకుడొకడు శీతలీకరణ యంత్రాలు చేయడం మొదలుపెట్టాడు. అదే అమానా రిఫ్రిజిరేటర్ల కంపెనీ. వంటింటి బల్ల మీద పట్టే మైక్రోవేవ్ ఒవెన్‌ను 1967లో అమెరికా ఇళ్లకు చేర్చింది ఆ పేరే. పొయ్యి లేని ఇళ్ల ఊరు లోకానికి పొయ్యి ఇచ్చింది. ఉన్ని మిల్లు ఇప్పటికీ నడుస్తోంది, దుప్పట్లు మన్నికైనవి. హోటళ్లలో పెద్ద గిన్నెలు బల్ల మీద పెట్టి ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకోమంటారు. మాంసం తిననివాళ్లకు బంగాళాదుంప, పులియబెట్టిన క్యాబేజీ, రొట్టె, జామ్. అంతే, కానీ కడుపు నిండుతుంది.

ఇంకా పుట్టని వీరుడి జన్మస్థలం

అమానా నుంచి తూర్పుకు కొంచెం వెనక్కొస్తే వెస్ట్ బ్రాంచ్. మిసిసిపికి పడమట పుట్టిన తొలి అమెరికా అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ 1874లో కళ్లు తెరిచిన రెండు గదుల ఇల్లు అక్కడుంది. మాంద్యానికి నిందలు మోసిన మనిషి అంత చిన్న ఇంట్లోంచి వచ్చాడని తెలిశాక ఆయన మీద కోపం కాస్త తగ్గుతుంది.

అక్కడికి దక్షిణాన కలోనా. గుర్రబ్బళ్లలో తిరిగే ఆమిష్ కుటుంబాలు చుట్టూ ఉన్న ఊరు. బొంతల కుట్టుపనికి పేరు. బండి ఎదురైతే కారు నెమ్మది చేయండి, మొహాలకు ఫోన్ కెమెరా పెట్టకండి. వాళ్లకు ఫొటోలంటే గిట్టదు. ఆదివారం వెళ్తే వాళ్ల దుకాణాలన్నీ మూసి ఉంటాయి.

కలోనా పక్కనే రివర్‌సైడ్. వెయ్యిమంది ఊరు. యుద్ధం జరగలేదు, గొప్పవాళ్లెవరూ పుట్టలేదు. అలాంటి ఊరు 1985లో ఒక పని చేసింది. ‘స్టార్ ట్రెక్’ సీరియల్‌లోని అంతరిక్ష నౌక కెప్టెన్ జేమ్స్ కర్క్ అయోవావాడని ఆ సీరియల్ సృష్టికర్త ఎక్కడో రాశాడు. ఏ ఊరో రాయలేదు. ఊరి కౌన్సిల్ సభ్యుడొకాయన ‘మన ఊరే అందాం’ అని ప్రతిపాదించాడు. కౌన్సిల్ తీర్మానించింది, సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ సరేనన్నాడు. 2228 మార్చి 22న ఇక్కడ పుట్టబోతున్నాడని రాయి చెక్కించి పాతారు. ఏటా జూన్‌లో జాతర చేస్తారు. అంతరిక్ష నౌక నమూనా ఒకటి చేయించి దాని మీద తమ ఊరి పేరే రాసుకున్నారు.

నవ్వుకుందామని వెళ్తాం, గౌరవంతో బయటికొస్తాం. పుట్టినవాళ్ల పేరుతో బతికే ఊళ్లు లోకమంతా ఉన్నాయి. పుట్టబోయేవాడి మీద ఇంత ధీమాగా అప్పు తెచ్చుకున్న ఊరు వేరే ఉందా? ఆ పాత్ర వేసిన విలియం షాట్నర్ 2004లో వచ్చి సినిమా తీస్తున్నానని ఊరంతటినీ నమ్మించాడు. చివరికి అది టీవీ కోసం చేసిన ఆటపట్టింపని తేలింది. ఊరు దాన్నీ భరించింది.

వాస్తు చూసుకుని కట్టిన ఊరు

ఇంకో గంట దక్షిణానికి ఫెయిర్‌ఫీల్డ్. 1854లో తొలి అయోవా రాష్ట్ర జాతర జరిగింది ఈ ఊళ్లోనే. ఇక్కడి కాలేజీ 1973లో దివాలా తీసి మూతపడింది. మరుసటి ఏడాది ఆ ఆవరణను మహర్షి మహేశ్ యోగి అనుయాయులు కొని విశ్వవిద్యాలయం పెట్టారు. పందుల పెంపకందార్ల మధ్యకి ధ్యానం చేసేవాళ్లు వందలాదిగా దిగారు. మొదట్లో ఒకరినొకరు వింతగా చూసుకున్నారు, ఇప్పుడు ఒకే చర్చి మెట్ల మీద, ఒకే బ్యాంకు క్యూలో ఉంటారు. మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి కట్టిన రెండు బంగారు రంగు గోపురాల్లో రోజూ పొద్దునా సాయంత్రం సామూహిక ధ్యానం. కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ పుణ్యమా అని మన కుర్రాళ్లలోనూ కొందరికి ఈ ఊరు పరిచయమే. చదువుతో పాటు ధ్యానం కూడా పాఠ్యక్రమంలో భాగం. సెమిస్టర్లు ఉండవు, ఒక్కో కోర్సు ముగించి మరోదాంట్లోకి వెళ్తారు.

ఊరి పొలిమేర దాటగానే మహర్షి వేదిక్ సిటీ. 2001లో నగరంగా నమోదైంది. ఇళ్లన్నీ తూర్పు ముఖం, మధ్యన బ్రహ్మస్థానం, పైకప్పు మీద కలశం. వాస్తు కుదరలేదని డాలస్‌లో ఇల్లు తర్వాత ఇల్లు తిరగేసే మనవాళ్లు ఇక్కడికొస్తే రియల్టర్‌కు పనుండదు. వేదాల పేరుతో అమెరికా మైదానంలో కట్టిన ఈ ఊరు చూస్తే నాకు కొంత ఆశ్చర్యం, కొంత చిరునవ్వు. చుట్టూ అంతా పడమటి గాలికి ఊగే సోయా చిక్కుడు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ దారి మొత్తంలో శాకాహారికి వెతుక్కోకుండా పప్పూ అన్నం దొరికే ఊరు ఫెయిర్‌ఫీల్డే.

ఒక కిటికీ, కొన్ని వంతెనలు

ఎల్డన్ వెయ్యిమంది కూడా లేని ఊరు. 1930లో గ్రాంట్ వుడ్ అనే చిత్రకారుడు ఇటుగా పోతూ ఒక చిన్న చెక్క ఇంటికి చర్చిలో ఉండాల్సిన కోసు కిటికీ పెట్టి ఉండడం చూశాడు. పేదింటికి అంత డాబు కిటికీ ఏమిటనిపించి బొమ్మ గీసుకున్నాడు. ఆ ఇంట్లో ఎలాంటి మనుషులుంటారో ఊహించి తన చెల్లెలినీ, తన పళ్ల డాక్టరునూ నమూనాలుగా పెట్టాడు. ఇద్దరూ విడివిడిగానే కూర్చున్నారు, ఇంటి ముందు ఎన్నడూ నిలబడలేదు. అదే ‘అమెరికన్ గోతిక్’. గడ్డిపంగ పట్టుకున్న ముసలాయన, పక్కన కళ తప్పిన మొహంతో ఆడమనిషి. చూసినవాళ్లు మొగుడూపెళ్లాలనుకుంటారు గానీ చిత్రకారుడి లెక్కలో తండ్రీకూతుళ్లు. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆ ఏడాది పోటీలో కాంస్య పతకం, 300 డాలర్లు ఇచ్చింది. అయోవా రైతులు తమను ఎగతాళి చేశాడని మండిపడ్డారు. ఇప్పుడు ఆ ఇంటి ముందు నిలబడి అదే మొహం పెట్టడానికి జనం వస్తారు. పక్కనున్న కేంద్రంలో కోటు, గౌను, పంగ ఊరికే ఇస్తారు. మా వాళ్లు ఫొటో కోసం నవ్వు ఆపుకోలేక నానా అవస్థా పడ్డారు.

పెల్లా అందమైనదే. 1847లో డచ్చివాళ్లు కట్టుకున్నది. మే నెలలో టులిప్ పూల జాతర, 2002లో కట్టిన నిజంగా పిండి విసిరే గాలిమర, బాదం ముద్ద కూరిన ‘ఎస్’ ఆకారపు మిఠాయి. అయితే గాసు బంకుకు సైతం డచ్చి ముఖద్వారం తగిలించేసరికి నాకు సెట్టింగులా అనిపించింది. పూలు లేని రోజుల్లో మిఠాయి కొనుక్కుని బయల్దేరొచ్చు.

వింటర్‌సెట్‌ను జనం గుర్తుంచుకునేది ‘బ్రిడ్జెస్ ఆఫ్ మాడిసన్ కౌంటీ’ నవలతో, 1995లో దాని మీద వచ్చిన సినిమాతో. పైకప్పున్న చెక్క వంతెనలు ఒకప్పుడు ఇక్కడ 19, ఇప్పుడు ఆరు. కప్పు అందానికి కాదు, ఖరీదైన దూలాలూ నేల చెక్కలూ వానకు కుళ్లకుండా. వాటిలో సీడార్ వంతెనను 2002లో ఒకసారి, 2017లో మరోసారి తగలబెట్టారు. రెండుసార్లూ మళ్లీ కట్టుకున్నారు. సినిమా హీరో జాన్ వేన్ పుట్టిందీ ఈ ఊళ్లోనే, మ్యూజియం ఉంది.

నేను వెతికింది మాత్రం వేరే పేరు. బానిసగా పుట్టి, నల్లవాడని కాన్సాస్‌లో కాలేజీ గుమ్మం దగ్గరే వెనక్కి పంపబడ్డ జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1880ల చివర్లో ఈ ఊరొచ్చి హోటల్లో పని చేశాడు. చర్చిలో అతని పాట విన్న ఒక తెల్లజంట ఇంటికి పిలిచి, చదువు మానొద్దని పట్టుబట్టింది. 1890లో సింప్సన్ కాలేజీలో చేరాడు, తర్వాత అయోవా స్టేట్‌లో వ్యవసాయశాస్త్రం చదివాడు, ఆ పైన దక్షిణాదిలోని టస్కిగీ కాలేజీకి వెళ్లి పత్తి పీల్చేసిన నేలలకు వేరుశనగను మందుగా చెప్పాడు. అనంతపురం వాళ్లెవరైనా అటు వెళ్తే అతని పేరున్న చిన్న పార్కు దగ్గర కారు ఆపాలి.

బయల్దేరేముందు

మే నుంచి అక్టోబరు దాకా వెళ్లొచ్చు. చలికాలం వద్దు, మంచు తుపానులో ఈ తిన్నని రోడ్లు ఏ దిక్కున్నాయో తెలియదు. మునిమాపువేళ జింకలు రోడ్డు దాటతాయి. కంకర రోడ్ల మీద ఎదురొచ్చే రైతు స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తుతాడు. అది పలకరింపు, మీరూ ఎత్తండి. రాత్రి దిగే మోటెల్ కౌంటర్లో గుజరాతీ పెద్దాయన కనిపించే అవకాశం మెండు. టీ అడిగితే కాదనడు.

వారాంతం రెండు రోజులే చేతిలో ఉంటే గలీనా, అమానా చాలు. మూడో రోజు దొరికితే ఫెయిర్‌ఫీల్డ్, ఎల్డన్. పెల్లా టులిప్‌ల నాటికి వాయిదా వేసుకోండి, డైయర్స్‌విల్ క్రికెట్ తప్ప తెలియనివాళ్లు వదిలేసినా నష్టం లేదు. రివర్‌సైడ్ మాత్రం దారిలోనే ఉంది, ఎలాగూ ఎక్కడో ఒకచోట పెట్రోలు పోయించుకోవాలిగా.